ప్రాక్‌డి చాలా ఏళ్ళు వాడాక: అంతా బాగానే ఉంది, ఆ ఆరోసారి సంగతి తప్ప

ముందే చెప్పేస్తున్నా, ఇది ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ (రూటర్లలో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునే లైనక్స్) రివ్యూ కాదు. దాని లోపల పీఐడీ 1 గా, అంటే మొట్టమొదట లేచే ప్రోగ్రామ్‌గా కూర్చుని బూట్ దగ్గర్నుంచి బటన్ నొక్కడం దాకా అన్నీ చూసుకునే ప్రాక్‌డి గురించి మాత్రమే. ఏ రూటర్ కొనాలి, ఎలా ఫ్లాష్ చెయ్యాలి లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, ఇక్కడ వెతక్కండి. నాకు దీని మీద ఒకే ఒక్క విషయంలో పీకలదాకా కోపం ఉంది, అది రెస్పాన్. చచ్చిపోయిన సర్వీసుని, అంటే వెనక నడుస్తూ ఉండాల్సిన ప్రోగ్రామ్‌ని, మళ్ళీ లేపే ఫీచర్ అన్నమాట. లేపుతుంది, బాగానే లేపుతుంది, కానీ ఐదుసార్లు లేపాక ఆరోసారి కూడా పడిపోతే ఇంక నా వల్ల కాదని వదిలేస్తుంది, వదిలేసిన సంగతి మనకి చెప్పదు. చెప్పదు అంటే లాగ్‌లో ఒక్క లైను రాసి ఊరుకుంటుంది. ఆ లైను కథ కింద చెప్తా, అదే అసలు కథ.

నా వాడకం ఏంటో చెప్తే మిగతాది అర్థమవుతుంది. 18.06 వెర్షన్ రోజుల నుంచి వాడుతున్నా, ఇప్పుడు అన్నీ 24.10 మీద ఉన్నాయి. హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో ఒక రూటర్, తెనాలి దగ్గర ఊళ్ళో అమ్మానాన్నల ఇంట్లో ఒకటి, మా బావ షాపులో ఇంకోటి. ఇవి కాక చుట్టాల్లో ఎవరింట్లో నెట్ స్లో అయినా "వాడు ఏదో వేస్తాడ్రా" అని నాకే ఫోన్ వస్తుంది కాబట్టి లెక్క పెరుగుతూనే ఉంటుంది. ఊళ్ళో ఇంటికి సీజీన్యాట్ కనెక్షన్ (చాలా ఇళ్ళకి కలిపి ఒకే ఐపీ), సొంత పబ్లిక్ ఐపీ లేదు, బయట్నుంచి నేరుగా లోపలికి రాలేం, కాబట్టి అక్కడి కెమెరాలు చూడాలన్నా రూటర్‌లోకి వెళ్ళాలన్నా లోపల్నుంచే బయటికి ఒక రివర్స్ టన్నెల్ వెయ్యాలి. డ్రాప్‌బేర్ అనే చిన్న ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌తో వచ్చే డీబీక్లయింట్ ఎలాగూ రూటర్‌లో ఉంటుంది, దానితో ఒక వీపీఎస్‌కి (నెట్‌లో అద్దెకి తీసుకున్న సర్వర్) టన్నెల్, దాన్ని నడిపేది నేను రాసుకున్న చిన్న ఇనిట్ స్క్రిప్టు, అంటే సర్వీసుని ఎలా మొదలుపెట్టాలో ప్రాక్‌డికి చెప్పే ఫైలు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఎందుకు వాడలేదు అని అడిగేవాళ్ళకి, ఈ రూటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు, కరెంట్ పోయొస్తే టైమ్ వెనక్కి వెళ్తుంది, టైమ్ వెనక్కి వెళ్తే వైర్‌గార్డ్ అవతలి పక్క హ్యాండ్‌షేక్ ఒప్పుకోదు, ఎన్‌టీపీ నెట్ నుంచి టైమ్ తెచ్చి సరిచేసేదాకా ఆగాలి. అది వేరే గొడవ, ఇప్పుడొద్దు.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటా. 2014 లో వచ్చిన బ్యారియర్ బ్రేకర్ 14.07 కి ముందు, అంటే 12.09 దాకా, బూట్‌కి బిజీబాక్స్ ఇనిట్ ఉండేది, డివైస్ ఈవెంట్లకి హాట్‌ప్లగ్2 వేరేగా ఉండేది, లాగ్ రాసే సిస్‌లాగ్ వేరే, రూటర్ బిగుసుకుపోతే రీబూట్ చేయించే వాచ్‌డాగ్ వేరే. డీమన్ (వెనక నడిచే ప్రోగ్రామ్) చచ్చిపోతే చచ్చిపోయినట్టే, దాని నంబరు రాసిపెట్టే పిడ్ ఫైలు మాత్రం బతికున్నట్టే అక్కడ పడి ఉండేది. అందరూ క్రాన్‌లో నిమిషానికోసారి అది బతికుందా అని పీగ్రెప్ కొట్టి చూసే స్క్రిప్టులు పెట్టుకునేవాళ్ళు. ప్రాక్‌డి వచ్చి ఇవన్నీ దాదాపు ఒక్క చోటకి తెచ్చింది, అదీ సీ లో రాసిన చిన్న ప్రోగ్రామ్, 64 ఎంబీ ర్యామ్ ఉన్న డబ్బాలో కూడా అది ఉన్నట్టే తెలీదు. మామూలు లైనక్స్‌లో ఉండే సిస్టమ్‌డి అలవాటైన వాళ్ళకి, ఏది దేని తర్వాత లేవాలో చెప్పే డిపెండెన్సీలు లేవే అని వెలితిగా ఉంటుంది, ఇక్కడ స్టార్ట్ నంబర్లే గతి, 19 లో డీఎన్‌ఎస్‌మాస్క్ (సైట్ పేర్లకి ఐపీలు వెతికిపెట్టేది), 20 లో నెట్‌వర్క్, 50 లో వెబ్ సర్వర్, అలా వరసలో పోతుంది. నాకైతే అదే నచ్చింది, ఒక ఎల్ఎస్ కొడితే మొత్తం బూట్ వరస కళ్ళ ముందు ఉంటుంది.

ఇంకా బాగా నచ్చింది రీలోడ్. యూసీఐలో, అంటే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ సెట్టింగుల ఫైళ్ళలో, ఏదో ఒకటి మార్చి రీలోడ్ కాన్ఫిగ్ అని కొడితే ఏ కాన్ఫిగ్ ఫైలు మారిందో ఎండీ5 పోల్చి చూసి, ఆ ఫైలు మీద ట్రిగ్గర్ పెట్టుకున్న సర్వీసుకి మాత్రమే కబురు పంపిస్తుంది. ఆ సర్వీసు మళ్ళీ తన ఇన్‌స్టెన్స్ (నడవాల్సిన ప్రాసెస్) వివరాలన్నీ ఇస్తే ప్రాక్‌డి పాతదాంతో పోల్చుకుని, కమాండ్‌లో గానీ చూడమన్న ఫైల్లో గానీ తేడా ఉంటేనే రీస్టార్ట్ చేస్తుంది, లేకపోతే ముట్టుకోదు. ఇంట్లో అందరూ సీరియల్ చూస్తున్నప్పుడు కూడా ధైర్యంగా సెట్టింగులు మార్చగలుగుతున్నానంటే దీని పుణ్యమే. ఇంకో సంగతి, బూట్ స్క్రిప్టు తెరిచి చూడండి, ఈ రీలోడ్ కాన్ఫిగ్‌ని పిలిచే లైను పైన "కాన్ఫిగ్‌డి అనేది వచ్చేదాకా తాత్కాలిక ఏర్పాటు" అనే అర్థంలో ఒక కామెంట్ ఉంటుంది. ఆ కాన్ఫిగ్‌డి రానూ లేదు, తాత్కాలికం పోనూ లేదు. మన రోడ్ల మీద డైవర్షన్ బోర్డులు చూసినవాళ్ళకి కొత్తేం కాదులెండి.

సరే, గొడవలోకి వస్తా.

ఇనిట్ స్క్రిప్టులో ఇన్‌స్టెన్స్ తెరిచి, కమాండ్ ఇచ్చి, రెస్పాన్ అని ఒక్క మాట రాసి వదిలేస్తే డీఫాల్ట్‌గా మూడు అంకెలు పడతాయి, 3600, 5, 5. మధ్యలో 5 అంటే పడిపోయాక ఎన్ని సెకండ్లు ఆగి లేపాలి అని. చివరి 5 అంటే ఎన్నిసార్లు లేపాలి అని. మొదటి 3600 ఉంది చూశారూ, అది అసలు విలన్. సర్వీసు మొదలైన 3600 సెకండ్ల లోపు ఆగిపోతే అది క్రాష్ కింద లెక్క. గంట దాటి బతికి ఆగిపోతే లెక్క సున్నాకి వెళ్తుంది. అంటే పుట్టిన సెకండులోనే చచ్చినా, యాభై నిమిషాలు శుభ్రంగా పనిచేసి ఆగినా దానికి రెండూ ఒకటే. సున్నా మార్కులొచ్చినా ముప్పైనాలుగు వచ్చినా సప్లీ సప్లీనే అన్నట్టు. ఈ లెక్కన మీ లింకు నలభై నిమిషాలకోసారి తెగే రకం అనుకోండి, మళ్ళీ కలుస్తుంది, మళ్ళీ తెగుతుంది, ఆరు నలభైలు అంటే నాలుగు గంటలు, నాలుగు గంటలకి మీ టన్నెల్ శాశ్వతంగా సెలవు. దాంట్లో తప్పేం లేకపోయినా సరే.

ఊళ్ళో జరిగింది ఇంకా వేగంగా జరిగేది. కరెంట్ పోతుంది, ఇన్వర్టర్ అందుకుంటుంది, కానీ ఆ మారే క్షణంలో రూటరూ, ఫైబర్ వాళ్ళు గోడకి పెట్టే డబ్బా ఓఎన్‌టీ రెండూ రీసెట్ అవుతాయి. రూటర్ ముందు లేస్తుంది. ఓఎన్‌టీ మెల్లగా లేస్తుంది, అందులోనూ మొదట దాని లాన్ పోర్టు లేచి రూటర్‌కి ఒక 192.168 ఐపీ ఇచ్చేస్తుంది, ఫైబర్ మాత్రం ఇంకా పైకి కలవదు. రూటర్ దృష్టిలో వాన్, అంటే బయటి కనెక్షన్, వచ్చేసినట్టే. టన్నెల్ లేస్తుంది, సర్వర్ పేరు రిజాల్వ్ కాదు, డీబీక్లయింట్ బయటికొచ్చేస్తుంది, ఐదు సెకండ్లు ఆగి మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ... ఫైబర్ లైటు పచ్చగా మారేసరికి ఆరూ అయిపోయి ఉంటాయి. తర్వాత ఇంట్లో నెట్ భేషుగ్గా ఉంటుంది, నాకు మాత్రం కెమెరా ఉండదు.

నాన్నకి ఫోన్ చేస్తే "లైట్లన్నీ వెలుగుతున్నాయిరా, అమ్మ యూట్యూబ్ కూడా చూస్తోంది, నీకొక్కడికే రాకపోవడమేంటి?" అంటాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది. పైగా హార్డ్‌వేర్ వాచ్‌డాగ్‌ని మేపేది కూడా ప్రాక్‌డినే, ఐదు సెకండ్లకోసారి దాన్ని తడుతుంది, ముప్పై సెకండ్లు తట్టకపోతే బోర్డు రీబూట్ అవుతుంది. కానీ ప్రాక్‌డి తను బతికుంటే చాలు తడుతూనే ఉంటుంది, కింద ఏ సర్వీసు చచ్చింది అనేది వాచ్‌డాగ్‌కి పట్టదు. కాబట్టి రూటర్ వైపు నుంచి చూస్తే అంతా క్షేమం.

ఇంక మిగిలిన మందు "నాన్నా, ఒక్కసారి ప్లగ్ పీకి పెట్టవా". పీకి పెడితే ఈసారి ఓఎన్‌టీ అప్పటికే లేచి ఉంది కాబట్టి మొదటి దెబ్బకే టన్నెల్ కలిసేది. కలిసింది కదా అని నేను లోపలికెళ్ళి లాగ్ చూస్తే ఏముంటుంది, లాగ్‌డి రాసేది ర్యామ్‌లో, ప్లగ్ పీకగానే అదీ పోయింది. అంటే జబ్బు తగ్గించే పనే సాక్ష్యాన్ని తుడిచేస్తోంది. చాలా కాలం ఈ తిరకాసు అలాగే నడిచింది, నేను వీపీఎస్‌ని అనుమానించా, ఓఎన్‌టీని అనుమానించా, ఇన్వర్టర్ బాగు చేసే అబ్బాయిని కూడా రెండు మాటలు అడిగా, పాపం.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు దొరికింది. మధ్యాహ్నం భోజనాల టైమ్‌కి కరెంట్ పోయింది, ల్యాప్‌టాప్ పట్టుకుని రూటర్ పక్కనే కూర్చుని లాన్ నుంచి లోపలికెళ్ళి లాగ్‌రీడ్ కొట్టి చూస్తూ ఉన్నా. అప్పుడు కనిపించింది ఆ లైను, నా సర్వీసు పేరు, ఇన్‌స్టెన్స్1, "ఎస్ ఇన్ ఎ క్రాష్ లూప్ 6 క్రాషెస్, 0 సెకండ్స్ సిన్స్ లాస్ట్ క్రాష్". ఈజ్ లో సగం ఎగిరిపోయి ఉంటుంది ఆ మెసేజ్‌లో, అలాగే వెతకండి, లేకపోతే దొరకదు. సర్వీసుల పరిస్థితి అడుగుతూ యూబస్ కాల్ సర్వీస్ లిస్ట్ అని కొడితే రన్నింగ్ ఫాల్స్ అని చూపించింది. అంతే. ఎర్ర లైటు లేదు, సెట్టింగులు చూసే లూసీ వెబ్ పేజీలో హెచ్చరిక లేదు. ఆ లైను కూడా ఎంతసేపు ఉంటుంది, లాగ్ బఫర్ చిన్నది, నాలుగు ఫోన్లు వైఫైకి ఎక్కుతూ దిగుతూ ఉంటే ఆ మెసేజులు నిండిపోయి పాతవి రాలిపోతాయి, సాయంత్రానికి చూస్తే అదీ ఉండదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఇదే స్క్రిప్టులో నేను తెగ మురిసిపోయిన ఇంకో సదుపాయం ఉంది, ఇంటర్‌ఫేస్ ట్రిగ్గర్. వాన్ పైకి రాగానే నా సర్వీసుని రీస్టార్ట్ చెయ్యి అని ప్రాక్‌డికి చెప్పొచ్చు, నెట్‌వర్క్ చూసుకునే నెట్‌ఐఎఫ్‌డి నుంచి కబురు రాగానే చేసేస్తుంది. చేసింది కూడా, పాపం దాని పని అది చేసింది. కాకపోతే దానికి వాన్ రావడం అంటే ఐపీ రావడం, నాకు కావల్సింది నెట్ రావడం. ఓఎన్‌టీ రూటర్ మోడ్‌లో ఉన్నంతకాలం ఈ రెంటికీ మధ్య నిమిషాల తేడా ఉంటుంది, ఆ తేడా తర్వాత వాన్ కిందకి పోయి పైకి రాదు కాబట్టి రెండో కబురు ఉండదు. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి పీపీపీఓఈ (నెట్ కంపెనీకి చేసే లాగిన్) రూటరే వేసుకునే ఇళ్ళల్లో మాత్రం ఈ ట్రిగ్గర్ చక్కగా పనిచేస్తుంది, బావ షాపులో అలాగే ఉంది, అక్కడ ఒక్కసారీ ఇబ్బంది రాలేదు.

మందు చాలా చిన్నది. చివరి అంకె సున్నా పెడితే ఎప్పటికీ వదలదు. నేను 3600 60 0 పెట్టా, అంటే నిమిషానికోసారి ప్రయత్నించు, ఎన్నిసార్లయినా సరే. ఐదు సెకండ్లే ఉంచితే రాత్రంతా నెట్ లేనప్పుడు అది ఊరికే కొట్టుకుంటూ లాగ్ అంతా తనే నింపేస్తుంది. దాంతోపాటు అవతల వీపీఎస్‌లో కూడా ఒకటి సరిచెయ్యాల్సొచ్చింది. కరెంట్ పోయినప్పుడు పాత కనెక్షన్ చెప్పకుండా తెగిపోతుంది కదా, అక్కడి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కి ఆ సంగతి తెలీదు, ఆ పోర్టు పట్టుకునే కూర్చుంటుంది, అవతలివాడు ఉన్నాడా అని అడిగే టీసీపీ కీప్‌అలైవ్ లైనక్స్‌లో మొదలయ్యేదే 7200 సెకండ్లకి, అంటే రెండు గంటలు. కొత్త టన్నెల్ వెళ్ళి ఆ పోర్టు అడిగితే ఖాళీ లేదంటుంది, పోర్టు దొరక్కపోతే బయటికి వచ్చెయ్ అని ఆప్షన్ పెట్టుకున్నాం కాబట్టి ఇది బయటికి వచ్చేస్తుంది, మళ్ళీ క్రాష్ లెక్క. సర్వర్‌లో క్లయింట్ అలైవ్ ఇంటర్వల్ 30, కౌంట్ 3 అని పెట్టాక ఒకటిన్నర నిమిషంలో పాతది దానంతటదే ఊడిపోతోంది.

సున్నా అన్నిటికీ పెట్టెయ్యొచ్చా అంటే, వద్దు. కాన్ఫిగ్‌లో అక్షరం తప్పు పడిన డీమన్‌ని ఎప్పటికీ లేపుతూ కూర్చోవడం వల్ల లాభం లేదు, ఆ రకం వాటికి ఐదుసార్ల పరిమితి న్యాయమే. ముఖ్యంగా బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్ళిపోయే అలవాటున్న డీమన్లతో జాగ్రత్త. ప్రాక్‌డి తను పుట్టించిన ప్రాసెస్‌నే చూస్తుంది, అది ఫోర్క్ అయి, అంటే తన కాపీ ఒకటి పుట్టించి, తల్లి ప్రాసెస్ బయటికొస్తే చచ్చిపోయిందనుకుని ఇంకోటి పుట్టిస్తుంది, ఆ కొత్తదానికి పోర్టు దొరకదు, ఇంక చూడండి. అందుకే డీఎన్‌ఎస్‌మాస్క్‌ని కూడా ముందరే ఉండమని చెప్పే ఆప్షన్‌తోనే నడుపుతారు. నా గొడవ పరిమితి ఉండడం మీద కాదు, వదిలేసేటప్పుడు అంత గుట్టుగా వదిలెయ్యడం మీద. యూబస్‌లో, అంటే లోపలి ప్రోగ్రాములు కబుర్లు పంపుకునే దారిలో, ఇన్‌స్టెన్స్ ఫెయిల్ అనే ఈవెంట్ పంపిస్తుందన్నది నిజమే, కానీ అది వినేవాడు ఎవరు, మామూలు ఇమేజ్‌లో దాన్ని పట్టుకుని ఒక ఎల్‌ఈడీ వెలిగించే ఏర్పాటు కూడా లేదు.

ఎల్‌ఈడీ అంటే గుర్తొచ్చింది, కోపంలో ఉన్నప్పుడే ఒక మంచి సంగతి కూడా దొరికింది. రూటర్ మీద బటన్లు నొక్కితే ఆ ఈవెంట్ కెర్నల్ నుంచి నేరుగా ప్రాక్‌డికే వస్తుంది, అది ఆర్‌సీ బటన్ ఫోల్డర్‌లో ఆ బటన్ పేరుతో ఉన్న స్క్రిప్టుని నడుపుతుంది. నొక్కారా వదిలారా, ఎంతసేపు పట్టుకున్నారు అన్నీ వేరియబుల్స్‌లో ఇస్తుంది. రీసెట్ బటన్ సెకండ్‌లోపు వదిలితే రీబూట్, ఐదు సెకండ్లు పట్టుకుంటే ఫ్యాక్టరీ రీసెట్ అవడం ఈ స్క్రిప్టు వల్లే. డబ్ల్యూపీఎస్ బటన్ (పాస్‌వర్డ్ కొట్టకుండా వైఫై కలిపేది) నేనెప్పుడూ వాడను, అది ఊరికే పడి ఉంది. దానికి నాలుగు లైన్ల స్క్రిప్టు రాసి టన్నెల్ రీస్టార్ట్ తగిలించా. పక్కన స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి అమ్మకి చూపించా. అప్పట్నుంచి ఫోన్‌లో "అమ్మా, ఆ చుక్క దగ్గర ఒక్కసారి నొక్కు" అంటే "ఇదిగో నొక్కాను, వచ్చిందా?" అంటుంది, వచ్చేస్తుంది, ప్లగ్ పీకే పని లేదు, నాన్న క్రికెట్ ఆగదు, లాగ్ కూడా చెరగదు. కొన్ని మోడళ్ళలో డబ్ల్యూపీఎస్, రీసెట్ రెండూ ఒకే బటన్, అలాంటి వాటి మీద మాత్రం ఈ ప్రయోగం చెయ్యకండి, అమ్మ కాస్త ఎక్కువసేపు నొక్కిందంటే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

పైన రీలోడ్‌ని అంత పొగిడా కదా, దానికీ ఒక మెలిక ఉంది. అది చూసేది యూసీఐ ఫైళ్ళని, ఇంకా మనం స్క్రిప్టులో ఫలానా ఫైలు చూడు అని చెప్పినవాటిని. మీ సర్వీసు కీ ఫైలు ఇంకెక్కడో ఉంటే, అది మార్చి రీలోడ్ కొడితే ఏమీ జరగదు, తప్పు కూడా చూపించదు. అప్పుడు రీస్టార్టే. అలాగే ఇప్పటి ఇమేజుల్లో డీఎన్‌ఎస్‌మాస్క్‌ని యూజైల్ అనే బోను లోపల నడుపుతున్నారు, సెక్యూరిటీకి మంచిదే, కానీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న యాడ్ బ్లాక్ లిస్టు దానికి కనిపించదు, ఫైలు కళ్ళ ముందే ఉంటుంది, పర్మిషన్లు సరిగ్గా ఉంటాయి, అయినా లేదంటుంది. యాడ్ఎన్‌మౌంట్ అనే ఆప్షన్‌లో ఆ దారి ఇస్తే గానీ లోపలికి రానివ్వదు. సొంతంగా రాసుకున్న ఇనిట్ స్క్రిప్టులు కూడా సిస్‌అప్‌గ్రేడ్‌లో, అంటే కొత్త వెర్షన్ వేసేటప్పుడు, వాటంతటవి మిగలవు, సిస్‌అప్‌గ్రేడ్ కాన్ఫ్ ఫైల్లో వాటి పేర్లు చేర్చుకోవాలి, బటన్ స్క్రిప్టుతో సహా.

అయితే వాడొచ్చా అంటే, నా పరిస్థితి వేరు. షెల్ స్క్రిప్టు రాయడం రోజూ చేసే పనే, పాడైతే చూసుకునే ఓపిక ఉంది, ఇంట్లో తిట్టేవాళ్ళూ నా వాళ్ళే. నాలాగ రెండు మూడు రూటర్లు దూరం నుంచి చూసుకునేవాళ్ళకి, 16 ఎంబీ ఫ్లాష్ ఉన్న డబ్బాలో ఇంతకంటే తేలికగా ఇన్ని పనులు చేసేది నాకు కనబడలేదు. సొంత సర్వీసులేవీ రాసుకోకుండా వైఫై, యాడ్ బ్లాక్ వరకే వాడేవాళ్ళకి అసలు ప్రాక్‌డి అనే పేరే తెలియాల్సిన అవసరం రాదు, ప్యాకేజీలతో వచ్చే స్క్రిప్టులే చాలు. కానీ మనిషి వెళ్ళలేని చోట, పొలం దగ్గర మోటారు షెడ్డులోనో ఎక్కడో, డబ్బా పెట్టి వచ్చే ఉద్దేశం ఉంటే మాత్రం పెట్టకముందే ఒక పని చెయ్యండి. టేబుల్ మీద ఉండగానే వాన్ కేబుల్ ఓఎన్‌టీకే ఉంచి, ఓఎన్‌టీ వెనక ఫైబర్ ఊడదీసి, రెండిటికీ ఒకేసారి పవర్ ఇచ్చి, కాసేపు ఆగి ఫైబర్ పెట్టండి. మీ సర్వీసు దానంతటది లేచిందా సరే. లేవలేదంటే మీ స్క్రిప్టులో రెస్పాన్ పక్కన అంకెలేవో చూసుకోండి, ఏమీ లేవంటే 3600 5 5 ఉన్నట్టే.